డ్యాష్‌బోర్డులో ఎర్రచుక్క



సూర్యాపేట దాటింది, కోదాడ ఇంకా రాలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక పాత అంబాసిడర్ తన మానాన తాను పోతోందనుకుందాం. స్టీరింగు దగ్గర అబ్బాయి, పక్క సీట్లో బాబాయి. ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డులో శనగగింజంత ఎర్రదీపం వెలిగింది.

"బాబాయ్, ఏదో లైటు వెలుగుతోంది."

"బ్యాటరీదిరా అది. పాతదైపోయింది కదా. కోదాడలో కొత్తది వేయిద్దాంలే, పోనియ్."

అబ్బాయి పోనిచ్చాడు. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. దిగి చూస్తే బ్యాటరీ నిక్షేపంగా ఉంది. తెగింది ఫ్యాన్ బెల్టు. అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు ముందు ఫ్యానునీ, నీళ్లు తిప్పే వాటర్ పంపునీ, పక్కనున్న డైనమోనీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. బెల్టు తెగ్గానే డైనమో ఆగింది కాబట్టి దీపం వెలిగింది. అదే క్షణంలో వాటర్ పంపూ ఆగింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం వేరే దీపం లేదు. టెంపరేచర్ ముల్లు ఉన్న కార్లలో అది మెల్లగా పైకి పాకుతుంది గానీ, రోడ్డు చూస్తున్నవాడికి దాని మీద ధ్యాస ఉండదు.

ఈ బాబాయీ అబ్బాయీ ఊహలో మనుషులే. కానీ ఇలాంటి బాబాయి లేని పాతకారు ఇల్లు అరుదు.

జర్మనీలో పుట్టిన బీటిల్ కారుదైతే ఇంకా చిక్కు వ్యవహారం. ఆ ఇంజనుకు రేడియేటరూ లేదు, నీళ్లూ లేవు. గాలే దాన్ని చల్లబరచాలి. ఆ గాలి విసిరే ఫ్యాను సరాసరి డైనమో ఇరుసుకే బిగించి ఉంటుంది. బెల్టు తెగిందంటే ఛార్జింగూ పోయింది, చల్లదనమూ పోయింది. అందుకే బీటిల్ నడిపేవాళ్లకు ఎర్రదీపం వెలగగానే బండి పక్కకు తీసి ఆపడం అలవాటైపోయింది. అంబాసిడర్, ఫియట్ నడిపేవాళ్లకూ ఆ అలవాటే మంచిది. నడుస్తుండగా దీపం హఠాత్తుగా వెలిగిందా, బండి ఆపి, ఇంజను కట్టేసి, బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూడాలి. మిగతా వైద్యమంతా ఆ తరవాతే.

బెల్టు ఉందనుకుందాం. రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్న భాగాన్ని బొటనవేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. అంతకంటే బాగా దిగితే వదులైనట్టు. వదులు బెల్టు హెడ్‌లైట్లు వేసినప్పుడో, ఉదయాన్నే ఇంజను లేపినప్పుడో కీచుమని అరుస్తుంది. కొందరు దాన్ని మరీ బిర్రుగా బిగించేస్తారు. అప్పుడు అరుపు ఆగుతుంది గానీ ఆ లాగుడుకి డైనమో బేరింగూ, వాటర్ పంపు బేరింగూ అరిగిపోతాయి.

ఇక దీపం సంగతి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఈ దీపం దగ్గర ఐజీఎన్ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉండేవి, ఇగ్నిషన్‌కు పొట్టిరూపంగా. ఆ పేరు చూసి ప్లగ్గుల్లో నిప్పురవ్వ రావడం లేదేమోనని డిస్ట్రిబ్యూటర్ మూత విప్పడం సహజమే. తరవాతి కాలంలో అక్షరాలు తీసేసి బ్యాటరీ బొమ్మ వేశారు. అది ఇంకా అన్యాయం. బొమ్మ చూసిన మనిషి నేరుగా బ్యాటరీ షాపుకే పోతాడు.

ఆ దీపానికి రెండు కాళ్లు. ఒక కాలు ఇగ్నిషన్ తాళం మీదుగా బ్యాటరీ వైపు, రెండోది డైనమో వైపు. ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువ వోల్టేజీకి కరెంటు పారుతుంది. రెండు వైపులా సమానంగా ఉంటే పారడానికేమీ ఉండదు, దీపం ఆరిపోతుంది. తేడా కొంచెముంటే గుడ్డిగా, ఎక్కువుంటే నిండుగా వెలుగుతుంది. కిరాణా కొట్లో తక్కెడ లాంటిదన్నమాట. పళ్లేలు సమంగా ఉన్నాయో లేదో అంతవరకే దానికి తెలుసు. ఎటు మొగ్గిందో చెప్పదు, పళ్లెంలో ఏముందో అసలే చెప్పదు.

ఇందులో ఒక ప్రమాదం దాగుంది. వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ చెడిపోయి బ్యాటరీలోకి 16 వోల్టులు తోస్తోందనుకుందాం. డైనమో వైపూ 16, బ్యాటరీ వైపూ 16. తక్కెడ సమంగానే ఉంది. దీపం నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటుంది. ఆ పక్కన బ్యాటరీలో నీళ్లు ఉడికి ఇగిరిపోతుంటాయి, హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడిపోతుంటాయి. నెలకోసారి బల్బులు మార్చే యజమాని బల్బుల కంపెనీని తిట్టుకుంటాడు. దీపం వెలగలేదు కాబట్టి ఛార్జింగ్ బాగుందనుకోవడం, వెలిగింది కాబట్టి బ్యాటరీ పోయిందనుకోవడం రెండూ ఒకే రకం పొరపాట్లు.

కారుకు అసలీ ఛార్జింగ్ గొడవ సెల్ఫ్ స్టార్టర్‌తో మొదలైందనవచ్చు. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. అంతకు ముందు ఇంజను లేవాలంటే హ్యాండిల్ తిప్పాల్సిందే. దీపాలు కార్బైడ్ గ్యాసుతోనో కిరసనాయిలుతోనో వెలిగేవి. ప్లగ్గులకు కావలసిన కరెంటును మ్యాగ్నెటో తానే పుట్టించుకునేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఆగి ఆగి చూసే నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కూడా ఆ కాలపుదే. సెల్ఫ్ వచ్చాక దానికి పెద్ద బ్యాటరీ కావాల్సొచ్చింది. బ్యాటరీని నింపడానికి డైనమో, డైనమోను అదుపులో పెట్టడానికి ఒక పెట్టె, ఈ సంసారమంతా సజావుగా సాగుతోందో లేదో చూడటానికి మొదట్లో ఆమీటరు, తరవాత చవగ్గా వచ్చే ఈ చిన్న దీపం. ఆమీటరు ముల్లు అటూ ఇటూ ఊగుతూ లెక్క చెప్పేది. దీపం ఉన్న లెక్కను దాచి అవుననో కాదనో మాత్రం అంటుంది. పాతకార్ల ప్రియులు విడిగా వోల్ట్ మీటరు కొని డ్యాష్‌బోర్డు కింద తగిలించుకోవడానికి కారణం ఇదే. దాని మీద పెట్టిన ప్రతి పైసాకూ అది న్యాయం చేస్తుంది.

మన దేశంలో పాతకారు అనగానే గుర్తొచ్చే పేర్లు రెండు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నమూనాతో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ ఒకటి. ముంబై కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్ 1100 నమూనాతో తయారైన ప్రీమియర్ పద్మిని రెండోది. తెలుగునాట పద్మినిని ఇప్పటికీ ఫియట్ అనే అంటారు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయినా, చిట్టచివరి పద్మిని ట్యాక్సీ ముంబై రోడ్ల నుంచి తప్పుకున్నది 2023 అక్టోబరులో. ఇంత సుదీర్ఘంగా తయారైన కార్లు కాబట్టి ఒకే పేరు మీద డైనమో ఉన్న బళ్లూ, ఆల్టర్నేటర్ ఉన్న బళ్లూ కనిపిస్తాయి. దీపం ఒకటే అయినా ఆ రెండింట్లో అది మాట్లాడే భాష వేరు. కనుక ముందు బానెట్ ఎత్తి ఏది ఉందో చూసుకోవాలి. పొడుగ్గా, నున్నటి ఇనప గొట్టంలా ఉంటే డైనమో. పొట్టిగా, లావుగా, సందుల్లోంచి రాగిచుట్లు కనిపించే అల్యూమినియం గుండు లాంటిదైతే ఆల్టర్నేటర్. డైనమో బండికి ఇంజను వెనక గోడ మీద నల్లమూత ఉన్న చిన్న పెట్టె కూడా ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కటౌట్ అంటారు.

ముందు డైనమో. దాని లోపల తిరిగేది ఆర్మేచర్. ఆర్మేచర్ చివర రాగిపలకల కమ్యుటేటర్. దాని మీద రెండు కార్బన్లు ఒరుసుకుంటూ కరెంటును బయటికి తెస్తాయి. వెనకవైపు డి, ఎఫ్ అని రెండు టెర్మినళ్లు. డి లోంచి కరెంటు బయటికొస్తుంది, ఎఫ్ లోపలి అయస్కాంతానికి. 1960ల బ్రిటిష్ కార్లలో విరివిగా కనిపించే లూకాస్ సీ40-1 డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజను ఐడ్లింగులో ఉన్నప్పుడు చేతికి దాదాపు ఏమీ రాదు. అప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా అడ్డుకునేదే కటౌట్. చెరువు తూముకు తలుపెలాగో దీనికి పాయింట్లు అలాగ. డైనమో వోల్టేజీ 12.7 నుంచి 13.3 మధ్యకు రాగానే పాయింట్లు టిక్కున అతుక్కుంటాయి. చెరువులోకి నీళ్లు వస్తాయి. వేగం తగ్గి ప్రవాహం వెనక్కి తిరగబోతే మళ్లీ విడిపోతాయి.

పాయింట్లు అతుక్కోగానే డైనమో వైపూ బ్యాటరీ వైపూ ఒకటైపోతాయి కాబట్టి దీపం ఆరుతుంది. ఆటోనగర్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డైనమో బండి ఎర్రదీపం మిణుకుమిణుకుమంటే కంగారెందుకు? ఆక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఆరిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఐడ్లింగు మరీ తగ్గించి పెట్టుకున్న బళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఈ వెలుగును జబ్బనుకుని డైనమో విప్పించినవాళ్ల డబ్బు వృథా.

జబ్బు సంగతికొస్తే, దీపం ఎప్పుడు వెలిగింది, ఎలా వెలిగింది అన్నదాంట్లోనే సగం సమాధానం ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ దీపం ముందు మసకబారి, ఒక దశ దాటాక మళ్లీ ఎర్రగా మండిందనుకోండి. తక్కెడ ఇప్పుడు రెండో వైపు మొగ్గిందన్నమాట. డైనమో బ్యాటరీని మించిపోయింది. పుట్టిన కరెంటు బ్యాటరీ దాకా చేరడం లేదు. కటౌట్ పాయింట్లు మసిపట్టి అతుక్కోవడం లేదు, లేకపోతే పెట్టె నుంచి బ్యాటరీకి పోయే వైరు లూజై ఉంది. డైనమో తప్పేమీ లేదు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఎంత రేజ్ చేసినా దీపం ఒకే తీరుగా వెలుగుతూ ఉంటే మాత్రం డైనమో నుంచి ఏమీ రావడం లేదనుకోవాలి. గతుకుల్లో వణికినట్టు మిణుకుమంటుంటే కార్బన్లో, బెల్టో, వదులైన టెర్మినలో చూడాలి.

డైనమో ఏమైనా పుట్టిస్తోందా లేదా అని తేల్చడానికి పాత ఆటో ఎలక్ట్రీషియన్లు చేసే పరీక్ష ఒకటుంది. పది నిమిషాల పని. డైనమో మీది రెండు వైర్లూ విప్పేయాలి. డి, ఎఫ్ టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలపాలి. అక్కణ్నుంచి బాడీకి వోల్ట్ మీటరు పెట్టి ఇంజను లేపి మెల్లగా వేగం పెంచాలి. మీటరు ముల్లు ఊగిసలాడకుండా చకచకా పైకి పోతే డైనమో బాగుంది, తప్పు పెట్టెలోనో వైర్లలోనో ఉంది. ఆక్సిలరేటర్ తొక్కి వేగాన్ని మరీ పెంచకూడదు, నిమిషానికి వెయ్యి చుట్లు చాలు. మీటరు 20 వోల్టులకు చేరనివ్వకూడదు. అదుపు చేసే పెట్టె ఇప్పుడు మధ్యలో లేదు కదా. ముల్లు అసలు కదలకపోతే ముందు కార్బన్లు చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే చతికిలబడితే అయస్కాంతం చుట్ల మీద అనుమానం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ మీద. ఈ కొలతలు లూకాస్ వాళ్ల పాత వర్క్‌షాపు పద్ధతిలోవే. ఆర్మేచర్ అయితే వైండింగ్ షాపు, కార్బన్లయితే ఇంటి దగ్గరే పని.

కార్బన్లు తీసినప్పుడు కమ్యుటేటర్ నల్లగా, జిడ్డుగా కనిపిస్తే పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడవాలి. పోకపోతే సన్నటి ఉప్పుకాగితంతో మెత్తగా రుద్దాలి. ఎమెరీ గుడ్డ జోలికి పోకూడదు. దాని రేణువులు రాగిలో ఇరుక్కుని కార్బన్లను కొరికేస్తాయి. అసలా జిడ్డు ఎక్కణ్నుంచి వస్తుందంటే, డైనమో వెనక బుష్ కోసం ఒక చిన్న నూనె బెజ్జం ఉంటుంది. దానికి ఎప్పుడో ఒకసారి నాలుగు చుక్కల ఇంజనాయిలు చాలు. ప్రేమ ఎక్కువైన యజమాని వారం వారం పోస్తాడు. ఆ నూనె లోపలికి దిగి కార్బన్లను తడిపేస్తుంది. నిర్లక్ష్యం వల్ల పాడైన డైనమోలతో పాటు ఇలా గారాబం వల్ల పాడైనవీ కనిపిస్తుంటాయి.

డైనమోకు ఇంకో చిత్రమైన గుణం ఉంది. అది మొదలవడానికి బయటి సాయం అక్కర్లేదు. లోపలి ఇనుములో మిగిలిపోయిన కొద్దిపాటి అయస్కాంతత్వంతోనే లేస్తుంది. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండిలో ఆ కాస్తా పోవచ్చు. పాత మోరిస్ లాంటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపేవాళ్లు. దాన్ని ఇప్పటి పద్ధతికి మార్చినప్పుడు ఆ అయస్కాంతం దిక్కు కూడా మార్చాలి. ఎఫ్ వైరు విప్పి, బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కు క్షణకాలం తాకించి తీస్తే చిన్న నిప్పురవ్వ లేస్తుంది. పని అయిపోయింది. ఇది తెలియక కొత్త డైనమోలు కొన్నవాళ్లున్నారు.

ఆల్టర్నేటర్ దగ్గర ఈ లెక్కలన్నీ మారిపోతాయి. అమెరికాలో క్రైస్లర్ 1960 వాలియంట్‌తో మామూలు జనం కార్లలోకి దాన్ని తెచ్చింది. బ్రిటన్‌లో, మన దగ్గర అది స్థిరపడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇది ఐడ్లింగులో కూడా సరిపడా కరెంటు ఇస్తుంది. కటౌట్ అక్కర్లేదు, లోపలి డయోడ్లే తూముతలుపులు. కాబట్టి ఆల్టర్నేటర్ బండిలో ఐడ్లింగులో దీపం మిణుకుమంటుంటే అది జబ్బు కిందే లెక్క.

మరో పెద్ద తేడా దీపంలోనే ఉంది. డైనమో బండిలో ఆ బల్బు మాడిపోతే పోయేది కబురొక్కటే, ఛార్జింగ్ యథావిధిగా సాగుతుంది. ఆల్టర్నేటర్‌కు ఆ బల్బు తోడు పెట్టే మజ్జిగచుక్క. దాని రోటర్‌లో మిగిలే అయస్కాంతత్వం చాలదు. తాళం తిప్పగానే బల్బులోంచి పారే కాస్త కరెంటే దాన్ని మేల్కొలుపుతుంది. సాధారణంగా అక్కడుండే బల్బు 2.2 వాట్లది. అంటే ఆంపియర్‌లో ఐదో వంతు కంటే కొంచెం తక్కువ. అంతమాత్రం తోడు పడకపోతే కుండెడు పాలూ తోడుకోవు. బల్బు మాడిన బండిలో ఆల్టర్నేటర్ లేవకపోవచ్చు, లేదా బాగా రేజ్ చేశాకే లేవవచ్చు. యజమాని ఆల్టర్నేటర్‌కు వేలు ఖర్చు పెడతాడు. తప్పు పదిరూపాయల బల్బుది. ఈమధ్య డ్యాష్‌బోర్డు బల్బులన్నీ పీకేసి ఎల్‌ఈడీలు వేయించడం ఫ్యాషనైంది. వెలుగు చూడముచ్చటగా ఉంటుంది గానీ ఎల్‌ఈడీ తాగే కరెంటు మరీ తక్కువ, తోడు పడదు. వేయాలనుకుంటే దాని పక్కనే తగిన రెసిస్టర్ కూడా కలపాలి. నిజానికి ఆ ఒక్క దీపాన్ని పాతదాన్నే ఉంచుకోవడం తెలివైన పని.

అందుకే రోజూ తాళం తిప్పినప్పుడు, ఇంజను లేవకముందు ఎర్రదీపం వెలిగిందా అని చూడాలి. వెలగాలి. ఆల్టర్నేటర్ బండిలో వెలగకపోతే బల్బో, దాని వైరో, అరిగిన కార్బన్లో, తెగిన రోటరో కారణం. ఆల్టర్నేటర్ వెనకున్న సన్నవైరు విప్పి బాడీకి తాకించి చూస్తే సంగతి తేలిపోతుంది. అప్పుడు దీపం వెలిగితే బల్బూ వైరూ బాగున్నాయి, లోపం ఆల్టర్నేటర్ లోపలుంది.

దీనికి పూర్తిగా తలకిందులైన జబ్బు ఇంకొకటి. తాళం తీసేసి ఇంటికి వెళ్లబోతూ వెనక్కి చూస్తే ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆల్టర్నేటర్ బండి అయితే ఒక డయోడ్ షార్టయింది. బ్యాటరీ కరెంటు వెనకదారిన దీపంలోకి పారుతోంది. డైనమో బండి అయితే కటౌట్ పాయింట్లు అతుక్కుపోయాయి. ఇది మరీ తొందరపడాల్సిన సందర్భం. బ్యాటరీ ఇప్పుడు డైనమోను మోటారులా తిప్పడానికి చూస్తోంది, బెల్టు పట్టుకోవడంతో అది తిరగలేక లోపల ఉడికిపోతోంది. మీద చేయి పెడితే వేడి తెలుస్తుంది. వెంటనే బ్యాటరీ టెర్మినల్ విప్పేయాలి. తెల్లారి చూద్దామనుకుంటే తెల్లారేసరికి బ్యాటరీతో పాటు ఆర్మేచర్ కూడా మాడిపోయి ఉండవచ్చు.

రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేశాక దీపం సన్నగా, దెయ్యపు కన్నులా వెలిగితే ఎక్కడో జాయింటు దగ్గర కరెంటుకు అడ్డు పడుతోందని అర్థం. ఆల్టర్నేటర్ లావు టెర్మినల్ మీద ఒక కొన, బ్యాటరీ ప్లస్సు మీద ఒక కొన పెట్టి మల్టీమీటరులో చూస్తే మధ్యలో ఎంత పోతోందో తెలుస్తుంది. లైట్లు వేసి ఇంజను నడుస్తుండగా అర వోల్టు దాటితే ఆ దారిలో ఏదో తుప్పు పట్టింది. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించిన బళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. 22 ఆంపియర్ల కోసం వేసిన పాత వైరులోంచే 40 ఆంపియర్లు పంపితే అది వేడెక్కక ఏం చేస్తుంది?

ఇంగ్లండులో లూకాస్ కంపెనీ మీద జోకులకు లెక్కలేదు. కంపెనీకి చీకటి రాజ్యపు యువరాజని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్లు బీరు వెచ్చగా తాగడానికి వాళ్ల ఫ్రిజ్‌లు కూడా లూకాసే తయారుచేయడం కారణమంటారు. మనకు మాత్రం ఆ పేరు మద్రాసు మీదుగా పరిచయం. 1961లో లూకాస్, టీవీఎస్ కలిసి పెట్టిన లూకాస్ టీవీఎస్ సంస్థ సెల్ఫులు, డైనమోలు ఇక్కడి బళ్లలో బోలెడు. జోకులు బాగానే ఉన్నాయి గానీ అందులో సగం నింద ఎర్త్‌కు చెందాలి. ఇంజను రబ్బరు కుషన్ల మీద కూచుంటుంది, బాడీతో దానికి కరెంటు సంబంధం ఒక అల్లిక తీగతోనే. ఆ తీగ తుప్పు పట్టినా, గ్యారేజీలో ఇంజను దింపి ఎక్కించినప్పుడు దాన్ని మళ్లీ బిగించడం మరిచిపోయినా వింతలు మొదలవుతాయి. సెల్ఫ్ కొడితే హెడ్‌లైట్లు ఆరిపోవడం, చోక్ కేబుల్ వేడెక్కడం, ఎర్రదీపం ఇష్టమొచ్చినప్పుడు వెలగడం. టెర్మినళ్లు విప్పి, గీకి, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే పోయే జబ్బులు ఇవి.

బ్యాటరీ మీద అనుమానం తీర్చుకోవడానికి నాలుగు అంకెలు చాలు. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుండగా 14 చుట్టుపక్కల ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. 13 కూడా చేరకపోతే ఛార్జింగ్ అందడం లేదు. ఆదివారం తప్ప బయటికి రాని కార్లకు బ్యాటరీ పాడైపోవడం మామూలే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన అసలు రూపంలోని కార్లు వింటేజ్ కింద, వీఏ అక్షరాలున్న నంబరుతో రిజిస్టరు చేసుకోవచ్చు. కానీ వాటిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకు ఒకసారి, సర్వీసుకు ఒకసారి బయటికొచ్చే అలాంటి బండిలో పదిహేను నిమిషాల ప్రయాణం సెల్ఫ్ తిన్నదాన్ని కూడా పూడ్చదు. దాని దీపం ఎప్పుడూ ఆరిపోయే ఉంటుంది, బ్యాటరీ ఎప్పుడూ సగమే నిండి ఉంటుంది. ఇంట్లో పెట్టే చిన్న ఛార్జరే దానికి మందు.

ఒక పాత అలవాటు మానుకోవాలి. డైనమో రోజుల్లో ఛార్జింగ్ ఉందో లేదో చూడటానికి నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ టెర్మినల్ పీకేసేవాళ్లు. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టని లెక్క. ఆల్టర్నేటర్ బండిలో అదే పని చేస్తే ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ మాడిపోతాయి. బండిలో రేడియో ఉంటే అదీ పోవచ్చు.

రేడియో మాటొచ్చింది కాబట్టి, ఈ ప్రసంగాన్ని ఇప్పుడు కారులోనే వింటున్నవాళ్లు ఒక క్షణం చెవి పెట్టండి. మీడియం వేవ్ మీద ప్రసంగం వెనక సన్నటి ఈల వినిపిస్తూ, ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ దాని స్థాయి పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్ పాట. ఏదో డయోడ్ చెడిపోతోందని కూడా కావచ్చు. చిటపటలాడితే డైనమో కార్బన్ల దగ్గర నిప్పురవ్వలు. డి టెర్మినల్‌కు ఒక కండెన్సర్ తగిలిస్తే ఆ చిటపట తగ్గుతుంది. ఎఫ్‌కు మాత్రం తగిలించకూడదు, రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి.

ఇప్పుడు మళ్లీ ఆ బాబాయీ అబ్బాయీ దగ్గరికి. కొత్త బెల్టు పడింది. ఇంకో నెలలో అదే రోడ్డు మీద మళ్లీ ఎర్రదీపం. ఈసారి అబ్బాయి వెంటనే ఆపి చూశాడు. బెల్టు తిరుగుతోంది, నీళ్లు మరగడం లేదు, ఆగిపోయింది డైనమో. దగ్గర్లో మెకానిక్ లేడు. టైము మూడైంది. పెట్రోలు ఇంజనుకు కాయిల్ తినేది మూడు నాలుగు ఆంపియర్లే. బ్యాటరీ సగం నిండి ఉన్నా పగటిపూట కొన్ని గంటలు లాగుతుంది. చీకటి పడితే ఒక్క హెడ్‌లైట్లకే ఏడెనిమిది ఆంపియర్లు పోతాయి. అప్పుడు రెండు గంటలు వచ్చినా గొప్పే. ఇంజను మధ్యలో ఆపకూడదు. సెల్ఫ్ ఒక్కసారి కొడితే వంద ఆంపియర్లకు పైనే లాగేస్తుంది. అబ్బాయి రేడియో కట్టేశాడు, హారన్ జోలికి పోలేదు. టీ తాగుదామని బాబాయి అడిగితే ఇంజను ఆన్‌లోనే ఉంచి, ఒకరు బండి దగ్గరుండగా ఒకరు తాగొచ్చారు. పొద్దుండగానే ఇల్లు చేరారు. వీధి చివర రోడ్డు కాస్త పల్లంగా ఉంటుంది. రేపు పొద్దున సెల్ఫ్ పలకదని తెలుసు కాబట్టి, అబ్బాయి బండిని అక్కడే పల్లం వైపు ముఖం పెట్టి ఆపి, చక్రం కింద ఒక రాయి వేశాడు.